స్టేషన్‌లో కూర్చోబెట్టారు, "అరెస్ట్ కాదు, ఎంక్వైరీనే" అంటున్నారు, ప్లీడర్ని లోపలికి రానివ్వట్లేదు. ఏం చెయ్యాలి?

వాసు_1984 (శుక్రవారం రాత్రి 9.40)
అందరికీ నమస్కారం. ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేవాణ్ణి, ఇవాళ రాయాల్సి వచ్చింది. మా అక్క కొడుకు, 22 ఏళ్ళు, మొబైల్ షాపులో రిపేర్ పని చేస్తాడు. దొంగ ఫోన్లేవో ఆ షాపుకొచ్చాయట, పొద్దున స్టేషన్ నించి ఫోన్ చేసి ఒకసారి వచ్చి మాట్లాడి వెళ్ళు అన్నారు, పదకొండింటికి వెళ్ళాడు, అంతే, ఇప్పటిదాకా బయటికి రాలేదు. ఫోన్ తీసేసుకున్నారు. అదే షాపులో హెల్పర్‌గా చేసే ఇంకో కుర్రాణ్ణి కూడా కూర్చోబెట్టారు, ఒరిస్సా అబ్బాయి, వాడికి ఇక్కడ ఎవరూ లేరు. సాయంత్రం ఆరింటికి ప్లీడర్ని తీసుకెళ్తే "మేమేం అరెస్ట్ చెయ్యలేదు కదండీ, ఎంక్వైరీయే కదా, దీనికి ప్లీడరు ఎందుకు, మీరు తెచ్చారంటే ఏదో ఉన్నట్టే" అన్నారు. ఆ మాటకి మా అక్క భయపడిపోయి ప్లీడరు గారిని వెళ్ళిపొమ్మంది, ఆయన వెళ్ళలేదు, బయట వేపచెట్టు కింద నిలబడే ఉన్నారు. నేను వేరే ఊళ్ళో ఉన్నాను, బస్సు దొరికితే తెల్లారేసరికి చేరతాను. రేపు రెండో శనివారం, కోర్టు ఉండదు. లాయర్ని కలవనివ్వకపోవడం కరెక్టేనా? ఊరి పేరు, స్టేషన్ పేరు రాయను, దయచేసి అడగొద్దు.

గోదారి_ప్లీడరు (రాత్రి 9.58)
వాసు గారూ, ముందు మీ ప్లీడరు గారిని అక్కణ్ణించి కదలొద్దని చెప్పండి. ఆయన చేస్తున్నది చాలా పెద్ద పని.

ఇప్పుడు మీరు అడగాల్సిన ప్రశ్న "లాయర్ని ఎందుకు రానివ్వరు" అని కాదు. "అరెస్ట్ చెయ్యలేదు అన్నారు కదా సార్, అయితే అబ్బాయిని ఇంటికి తీసుకెళ్తాం, మళ్ళీ ఎప్పుడు రమ్మంటే అప్పుడు తీసుకొస్తాం" అని అడగండి. గట్టిగా కాదు, మర్యాదగానే. పంపిస్తే సరే. పంపించకపోతే అది కస్టడీయే, కాగితం మీద రాసినా రాయకపోయినా. చట్టంలో మూడో రకం లేదు, అయితే వెళ్ళిపోగలిగినవాడు, లేకపోతే అరెస్ట్ అయినవాడు. స్టేషన్లో మాత్రం మధ్యలో ఒక బెంచీ ఉంటుంది, రోజుల తరబడి జనం ఆ బెంచీ మీదే కూర్చుంటారు, నా 26 ఏళ్ళ ప్రాక్టీసులో నేను పోట్లాడింది ఎక్కువ ఆ బెంచీ గురించే.

అరెస్టు, విచారణ ఎలా జరగాలో చెప్పే కొత్త చట్టం బిఎన్ఎస్ఎస్ 2024 జులై 1 నించి వచ్చింది కదా, అందులో సెక్షన్ 38, దానికి ముందున్న పాత చట్టం సిఆర్‌పిసిలో 41డి. అరెస్ట్ చేసి ప్రశ్నిస్తున్నప్పుడు తనకి నచ్చిన అడ్వకేట్‌ని కలవొచ్చు, కాకపోతే ప్రశ్నించినంతసేపూ పక్కన ఉండటానికి లేదు. అంతకంటే పైన రాజ్యాంగం ఆర్టికల్ 22(1), అరెస్ట్ అయినవాడికి తనకి నచ్చిన లాయర్ని సంప్రదించే హక్కు ఇచ్చేది అదే. ఇక "అరెస్ట్ కాదు" అనే సాకుకి 1978లోనే సుప్రీంకోర్టు జవాబు చెప్పింది, నందినీ సత్పతి కేసు. ఆవిడ ఒరిస్సా మాజీ ముఖ్యమంత్రి, ఆవిణ్ణి కటక్‌లో విజిలెన్స్ వాళ్ళు ప్రశ్నలు వేస్తే సమాధానం చెప్పనంది. జస్టిస్ కృష్ణయ్యర్ ఏం తేల్చారంటే అరెస్ట్ అనే ముద్ర పడేదాకా ఆగక్కర్లేదు, దాదాపు కస్టడీ లాంటి పరిస్థితిలో ప్రశ్నిస్తున్నా సరే లాయర్ని అడిగే హక్కు ఉంటుందని. మాజీ ముఖ్యమంత్రికి పనికొచ్చిన మాట ఫోన్లు రిపేర్ చేసుకునే కుర్రాడికీ పనికిరావాలి.

ఇప్పుడు వెంటనే చెయ్యాల్సింది: టైము పట్టుకోండి. 112కి ఫోన్ చేసి ఫలానా వాణ్ణి పొద్దున 11 నించి ఫలానా స్టేషన్లో ఉంచారు అని చెప్పండి, ఆ కాల్ రికార్డవుతుంది. ఎస్పీ ఆఫీసుకి మెయిల్, వాట్సాప్ పంపండి. మీ ప్లీడరు ఒక తెల్లకాగితం మీద రాసి ఇవ్వాలి, తీసుకోకపోతే రేపు స్పీడ్ పోస్ట్. ఇదంతా ఎందుకంటే రేపు అరెస్ట్ మెమోలో "రాత్రి 10.30కి బస్టాండ్ దగ్గర అనుమానాస్పదంగా తిరుగుతుండగా" అని రాస్తారు.

రిటైర్డ్_హెడ్డు (రాత్రి 10.15)
ప్లీడరు గారు చెప్పింది నిజం. నేను 34 ఏళ్ళు డిపార్ట్‌మెంట్‌లో చేశాను, రైటర్‌గా, అంటే స్టేషన్ కాగితాలు రాసే పనిలో చాలాకాలం, ఆ "అనుమానాస్పదంగా తిరుగుతుండగా" అన్న వాక్యం నా చేత్తో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. తప్పని తెలిసే రాశాను, దాచుకోదలుచుకోలేదు.

మా వైపు సంగతి కూడా వినండి. 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి, ఈలోపు రికవరీ, అంటే పోయిన సొత్తు దొరికినట్టు చూపించాలి, పైనించి సిఐ గారు గంటకోసారి ఫోన్, స్టేషన్లో ఉండేది తక్కువమంది, అందులో సగం బందోబస్తుకి పోతారు. అందుకని అరెస్ట్ చూపించకుండా ఒక రోజు, రెండ్రోజులు "లాగుతాం". ప్లీడరు వస్తే ఆ గడియారం మొదలైపోతుంది, అందుకే రానివ్వరు. చట్టం తెలీక కాదు.

వాసు బాబూ, మీ వాళ్ళకి ఒకటి చెప్పు. తిండి తీసుకెళ్ళమను, బట్టలు తీసుకెళ్ళమను. తిండి లోపలికి తీసుకున్నారంటే మనిషి లోపల ఉన్నట్టే కదా. ఇద్దరికీ తీసుకెళ్ళమను, ఆ ఒరిస్సా పిల్లాడికి కూడా. తెల్లకాగితాల మీద సంతకం పెట్టమంటే పెట్టొద్దని ఎలాగైనా చెవిలో వెయ్యండి. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు, పాత ఎవిడెన్స్ యాక్ట్ 25, ఇప్పుడు సాక్ష్య అధినియమ్ 23. అయినా దాని ఆధారంగా వస్తువు దొరికిందని రాస్తే ఆ మేరకు వాడుకుంటారు, అక్కడ జాగ్రత్త.

మెదక్_నవీన్ (రాత్రి 10.31)
అందరు ఒకటే వైపు మాట్లాడుతున్నరు. నా బండి పోయినప్పుడు పోలీసోళ్ళు ఇట్లనే ఒకణ్ణి కూసోబెట్టి అడిగిన్రు, రెండు రోజులల్ల బండి దొరికింది. వాడు లాయర్ని పెట్టుకొని నోరు తెరవకపోతే నా బండి వచ్చేదా? వాసు అన్నా మీ అల్లుడు మంచోడే అయ్యుండొచ్చు, నేను అనేది జనరల్‌గ. దొంగలకు, రేపిస్టులకు, కసబ్ లాంటోళ్ళకు సుత లాయర్ ఇయ్యాల్నంటే బాధితులకు ఎవరు దిక్కు?

గోదారి_ప్లీడరు (రాత్రి 10.52)
నవీన్ గారూ, కసబ్ పేరు ఎత్తారు కాబట్టి చెప్తాను, ఈ దేశంలో లాయర్ హక్కు గురించి బాగా స్పష్టమైన తీర్పుల్లో ఒకటి కసబ్ కేసులోదే, 2012 ఆగస్ట్. అతన్ని సినిమాలో కాదు, సీసీ కెమెరాల్లో దేశమంతా చూసింది. అతను మొదట్లో ఇండియన్ లాయర్ వద్దన్నాడు, పాకిస్తాన్ లాయర్ కావాలన్నాడు. సుప్రీంకోర్టులో అతని తరఫున వాదించడానికి సీనియర్ అడ్వకేట్ రాజు రామచంద్రన్ గారిని కోర్టే పెట్టింది. ఉరి ఖాయం చేస్తూనే ఆ తీర్పులో, ఇక ముందు మేజిస్ట్రేట్ ముందుకి మొదటిసారి తెచ్చినప్పుడే నీకు లాయర్ హక్కు ఉంది, డబ్బు లేకపోతే ప్రభుత్వ ఖర్చుతో ఇస్తాం అని చెప్పి తీరాలి, చెప్పని మేజిస్ట్రేట్ మీద శాఖాపరమైన చర్య తీసుకోవచ్చు అన్నారు. లాయర్ ఇచ్చినందువల్ల శిక్ష ఆగలేదు. పైగా శిక్ష నిలబడింది, పైకోర్టులో ఎవరూ వేలు పెట్టి చూపించలేకపోయారు.

దీనికి ముందు 1981లో ఖత్రీ కేసు. భాగల్పూర్‌లో విచారణ ఖైదీల కళ్ళలో సూదులు గుచ్చి యాసిడ్ పోసిన కేసు అది. వాళ్ళలో చాలామందికి మేజిస్ట్రేట్ ముందు లాయర్ లేడు, అడగలేదు కాబట్టి ఇవ్వలేదు అన్నారు. కళ్ళు పోయినవాణ్ణి పట్టుకుని నువ్వు అప్లికేషన్ పెట్టుకోలేదే అన్నట్టుంది ఆ జవాబు. జస్టిస్ భగవతి దానికి ఒప్పుకోలేదు. విచారణ మొదలయ్యాక కాదు, మొదటి రిమాండ్ నించే ఇవ్వాలన్నారు. తర్వాత 1986లో సుఖ్ దాస్ కేసులో అడగకపోయినా ఇవ్వాల్సిందే అని తేల్చారు. మొదటి రోజు లాయర్ లేకపోతే ఏమవుతుందో భాగల్పూర్ చూస్తే తెలుస్తుంది.

సీమ_సైలజ (రాత్రి 11.05)
నవీన్ తమ్ముడూ, షాద్‌నగర్ మర్చిపోయినావా, ఆ వెటర్నరీ డాక్టర్‌ని రేప్ చేసి చంపేసిన దిశ కేసు? 2019 నవంబర్. ఆ పాపకి జరిగింది తల్చుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు, నాకూ కూతురు ఉంది. ఆ రోజు అక్కడి లాయర్లు మేం వాదించం అని తీర్మానం చేసినారు. బయట జనం ఎక్కువై మేజిస్ట్రేట్ దగ్గరికి తీసుకుపోలేక స్టేషన్లోనే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌తో, అంటే తహసీల్దార్‌తో రిమాండ్ చేపించినారు. వారం తిరక్కముందే డిసెంబర్ 6న తెల్లారుజామున నలుగురూ ఎన్‌కౌంటర్. మేమంతా పటాకులు కాల్చినాం, నేను స్వీట్లు పంచినా, అబద్ధం ఎందుకు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఏం చెప్పింది? కావాలనే చంపడానికి కాల్చినారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని. అంటే ఆ నేరం ఎవరు చేసినారో, ఎంతమంది చేసినారో కోర్టులో రుజువు కావడం అనేదే లేకుండా పోయింది. ఆ తల్లిదండ్రులకి తీర్పు రాలేదు. ఒక లాయర్ ఆ మొదటి రోజు నిలబడి "వీళ్ళ వయసు ఎంత" అని అడిగి ఉంటే? ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు.

గోదారి_ప్లీడరు (రాత్రి 11.12)
సైలజ గారూ, ఆ తీర్మానాల గురించి ఒక్క మాట. బార్ అసోసియేషన్లు ఫలానా ముద్దాయికి వాదించం అని తీర్మానించడం చెల్లదని సుప్రీంకోర్టు 2010లోనే, తమిళనాడు నించి వచ్చిన మహమ్మద్ రఫీ కేసులో చెప్పింది. అంటే షాద్‌నగర్‌కి తొమ్మిదేళ్ళ ముందే. మా వృత్తిలో ఉన్నవాళ్ళం సిగ్గుపడాల్సిన విషయం.

ఓరుగల్లు_లత (రాత్రి 11.20)
వాసు అన్నా, నేను పారా లీగల్ వాలంటీర్‌ని, తెలంగాణల. మీకు ప్లీడర్ ఉన్నడు, మంచిగైంది. ఆ ఒరిస్సా పిలగాడికి ఎవలున్నరు? 15100కి ఫోన్ చెయ్యిన్రి, అది లీగల్ ఎయిడ్ నంబర్, దేశం మొత్తానికి ఒకటే, పైసలు పడవు. లేకపోతే మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ సెక్రటరీ గారికి, ఆయన జడ్జే, మెసేజ్ పెట్టిన్రి. కస్టడీల ఉన్నోనికి ఆదాయంతోని సంబంధం లేకుండ ఫ్రీ లాయర్ ఇయ్యాలె, 1987 చట్టం సెక్షన్ 12ల ఉన్నది. మస్తుమంది తెల్లకార్డు ఉంటేనే అనుకుంటరు, కాదు. ఆడోళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు కూడ ఆదాయం చూడరు. సెలవురోజు మేజిస్ట్రేట్ ఇంటికి తీస్కపోయినా రిమాండ్ డ్యూటీ అడ్వకేట్ ఉంటడు, కానీ ఎవలో ఒకలు చెప్పాలె కదా. చెప్పకపోతే ఆయనకెట్ల తెలుస్తది.

ఇంకో మాట, నిజం చెప్పాలె. ఫ్రీ లాయర్ అంటే ఫైల్ సుత చూడకుండ నిలబడి సంతకం పెట్టిపోయేటోళ్ళు కూడ ఉన్నరు, నేను చూసిన. జైల్లకు పోతే "అక్కా, మా వకీలు పేరేంది" అని నన్నే అడుగుతరు. 2022 నించి డిఫెన్స్ కౌన్సెల్ అని జీతం ఇచ్చి పూర్తిగ ఈ పనే చేసేటోళ్ళని పెట్టిన్రు, మా దగ్గర జర నయమైంది.

డల్లాస్_చైతన్య (రాత్రి 11.34)
ఇక్కడ అమెరికాలో అందరూ సినిమాల్లో చూసి పోలీసు పట్టుకోగానే లాయర్ ఇస్తారు అనుకుంటారు. పట్టుకున్నవాడికి మాట్లాడకుండా ఉండే హక్కు, లాయర్ హక్కు ఉన్నాయని ముందే చెప్పాలన్న 1966 మిరాండా తీర్పు క్రిమినల్ కేసులకి. ఇమిగ్రేషన్ డిటెన్షన్ సివిల్ కింద వస్తుంది, లాయర్ని పెట్టుకోవచ్చు కానీ నీ ఖర్చుతో, ప్రభుత్వం ఇవ్వదు. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుర్తుందా, వీసా మోసాలు పట్టుకోవడానికని మిషిగన్‌లో గవర్నమెంటే పెట్టిన దొంగ యూనివర్సిటీ. మొదటి విడతలో పట్టుకున్న 130 మందిలో 129 మంది మన ఇండియన్సే, చాలామంది తెలుగు పిల్లలు. ఆ వారం నేను పడుకోలేదు. ఒక్కో పిల్లాడు ఏ డిటెన్షన్ సెంటర్లో ఉన్నాడో కనుక్కోవడానికే రెండ్రోజులు, ఈలోపు కాగితాలు ముందు పెడితే ఇంటికి పోవచ్చు కదా అని సంతకాలు పెట్టేసినవాళ్ళు ఉన్నారు, అవి స్వచ్ఛందంగా దేశం వదిలిపోతామని రాసిన కాగితాలని తర్వాత తెలిసింది. మన ఎంబసీ 24 గంటల హెల్ప్‌లైన్ పెట్టింది, తెలుగు సంఘాలు లాయర్లని పెట్టాయి. ఇక్కడున్న స్టూడెంట్స్ ఎవరైనా చదువుతుంటే ఒక లాయర్ నంబర్ ఫోన్లో కాదు, గుర్తు పెట్టుకోండి. ఫోన్ ముందు తీసేసుకుంటారు.

నిర్వాహకుడు (రాత్రి 11.40)
మధ్యలో రెండు పోస్టులు తీసేశాను. ఏ పార్టీ నాయకుణ్ణి ఏ జైల్లో ఎలా చూశారు అనే చర్చ ఇక్కడ వద్దు, వేరే చోట పెట్టుకోండి. ఒక కుటుంబం ఇవాళ రాత్రి నిద్ర లేకుండా ఉంది.

మెదక్_నవీన్ (రాత్రి 11.52)
సైలజక్కా నువ్వు చెప్పింది ఆలోచిస్తున్న. నా బండి దొరికినప్పుడు వాణ్ణి ఎట్ల అడిగిన్రో నేను చూసిన, నడవలేకపోయిండు. అప్పుడు సంబురమే అనిపించింది. ప్లీడర్ సార్, ఒక డౌట్. మా దగ్గర పిడి యాక్ట్ పెడ్తరు కదా, ముందస్తుగనే లోపలేసేది, దానికి సుత లాయర్ ఉంటడా?

గోదారి_ప్లీడరు (శనివారం 12.10)
ఉండడు నవీన్ గారూ, అసలు పెద్ద కన్నం అక్కడుంది. ఆర్టికల్ 22లోనే మొదటి క్లాజు లాయర్ హక్కు ఇస్తే మూడో క్లాజు ముందస్తు నిర్బంధం కింద పట్టుకున్నవాళ్ళకి అది లేదంటుంది. రాజ్యాంగం రాసినవాళ్ళే పెట్టిన మినహాయింపు. మన ఉమ్మడి రాష్ట్రంలో 1986లో వచ్చిన పిడి యాక్ట్ రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తోంది, 12 నెలల దాకా లోపల పెట్టొచ్చు. ఆ నిర్బంధం సరైందో కాదో చూసే అడ్వైజరీ బోర్డు ముందు లాయర్ని పెట్టుకునే హక్కు లేదు. 1982 ఎకె రాయ్ కేసులో సుప్రీంకోర్టు కొంచెం సందు ఇచ్చింది, ప్రభుత్వం తన తరఫున లాయర్ని వాడుకుంటే ఇతనికీ ఇవ్వాలి, లేకపోతే లాయర్ కాని స్నేహితుణ్ణి తెచ్చుకోవచ్చు అని. బయట మేం రాసిపెట్టిన అర్జీని లోపల అతను తడుముకుంటూ చదవాలి. తెలంగాణలో ఆ చట్టాన్ని మామూలు కేసులకి కూడా ఇష్టమొచ్చినట్టు వాడుతున్నారని 2022లో, 2023లో సుప్రీంకోర్టు గట్టిగానే మందలించింది.

వాసు గారూ ఏమైంది?

వాసు_1984 (శనివారం 12.35)
బస్సులో ఉన్నాను. అందరి పోస్టులూ అక్కకి ఫోన్లో చదివి వినిపించా. "అయితే ఇంటికి తీసుకెళ్తాం" అని బావ అడిగితే పదినిమిషాలు ఎవరూ మాట్లాడలేదట. తర్వాత అరెస్ట్ మెమో మీద బావ చేత సంతకం పెట్టించుకున్నారు, అందులో టైము రాత్రి 11.15 అని ఉంది. 112కి చేసిన కాల్ 10.06. పెద్దాయన చెప్పినట్టు ఇద్దరికీ ఇడ్లీ పంపాం, తీసుకున్నారు. 15100కి నేనే చేశాను.

గోదారి_ప్లీడరు (శనివారం 12.44)
సరిపోయింది. 10.06కి స్టేషన్లో ఉన్నాడని రికార్డుంది, మెమోలో 11.15 అని ఉంది. రేపు మేజిస్ట్రేట్ గారి ముందు మీ ప్లీడరు ఇదే ఒక మెమోగా వెయ్యాలి. పూర్వం మా సీనియర్ల కాలంలో మనిషిని ఎత్తుకెళ్ళగానే టెలిగ్రాం ఇచ్చేవాళ్ళు, మేజిస్ట్రేట్‌కి ఒకటి, పైఅధికారులకి ఒకటి, దాని మీద పోస్టాఫీసు వేసే టైమే సాక్ష్యం. 2013 జులైలో టెలిగ్రాం ఆపేశారు, మాకు చెయ్యి విరిగినట్టయింది. మీ 112 కాల్ ఇప్పుడు ఆ టెలిగ్రామే.

ఇంకో రెండు. దొంగసొత్తు తీసుకున్న కేసుకి మూడేళ్ళ శిక్ష, ఏడేళ్ళ లోపు కేసుల్లో ముందు బిఎన్ఎస్ఎస్ 35(3) నోటీసు, అంటే అరెస్ట్ చెయ్యకుండా వచ్చి హాజరవ్వమనే నోటీసు ఇవ్వాలి, అరెస్ట్ అవసరమైతే ఎందుకో రాయాలి, 2014 అర్నేష్ కుమార్ తీర్పు. అలాగే అరెస్ట్ కారణాలు రాతపూర్వకంగా, అతనికి అర్థమయ్యే భాషలో, రిమాండ్‌కి కనీసం 2 గంటల ముందు ఇవ్వాలని 2025 నవంబర్లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఒరిస్సా అబ్బాయికి ఏ భాషలో ఇచ్చారో చూడమనండి. స్టేషన్ సీసీ కెమెరా ఫుటేజీ భద్రపరచమని కూడా అడగాలి, 2020 డిసెంబర్ తీర్పు ఉంది.

వాసు_1984 (శనివారం సాయంత్రం 6.20)
ఇప్పుడే కాస్త కూర్చున్నా. మధ్యాహ్నం మేజిస్ట్రేట్ గారి ఇంటికి తీసుకెళ్ళారు. ఆవిడ పోలీసుల్ని గుమ్మం బయటికి పంపి మావాణ్ణి ఎప్పుడు తెచ్చారు, కొట్టారా, ప్లీడరు ఉన్నారా అని అడిగారట. మావాడు మొదట ఏం మాట్లాడలేదు. మా ప్లీడరు గారి వైపు చూసి, పొద్దున పదకొండింటికి అని చెప్పాడు. ఆవిడ రాసుకున్నారు. నోటీసు ఎందుకివ్వలేదని పోలీసుల్ని అడిగి, రిమాండ్ ఒప్పుకోకుండా బాండ్ మీద వదిలేశారు. అరికాళ్ళు వాచి ఉన్నాయి, మెడికల్‌కి కూడా ఆర్డర్ ఇచ్చారు. ఇంటికొచ్చి వాడు చెప్పిందేంటంటే, మధ్యాహ్నం కొట్టారు, సాయంత్రం కిటికీలోంచి చెట్టు కింద నల్లకోటు కనపడింది, ఆ తర్వాత కొట్టలేదు.

ఆ ఒరిస్సా అబ్బాయి విషయంలో మాత్రం నాకు బాధగా ఉంది. లీగల్ ఎయిడ్ నించి ఒక అమ్మాయి వచ్చింది, చిన్న వయసు, బాగానే అడిగింది, కాగితాలన్నీ తెలుగులోనే ఇచ్చారు, ఇతనికి చదవడం రాదు అని. మేజిస్ట్రేట్ గారు ఆ అభ్యంతరం రాసుకున్నారు. కానీ వాడి దగ్గర ఒక ఫోన్ దొరికిందన్నారు, ఇక్కడ అడ్రస్ లేదు, షాపు ఓనరు ఫోన్ ఎత్తట్లేదు. సబ్ జైలుకి పంపారు. వ్యాన్ ఎక్కేటప్పుడు ఏదో చెప్పాడు, మాకెవరికీ అర్థం కాలేదు.

గోదారి_ప్లీడరు (సాయంత్రం 6.41)
సోమవారం బెయిల్ పిటిషన్ వెయ్యించండి, ఆ అమ్మాయి నంబర్ నాకు మెసేజ్ పెట్టండి, ఆ తీర్పుల కాపీలు నేను పంపుతాను. ఇద్దరు జామీనుదారులు కావాలి. ఒకరు మీ బావ గారు నిలబడతారేమో అడగండి.

వాసు_1984 (సాయంత్రం 6.50)
బావ ఒప్పుకున్నాడు. రెండో మనిషిని చూస్తున్నాం.

ఓరుగల్లు_లత (రాత్రి 7.15)
మీ జిల్లాల పనిచేసే వాలంటీర్‌తోని మాట్లాడిన, సోమవారం ములాఖత్‌కి పోతరు. వాళ్ళకు ఒరియా రాదు, హిందీ కూడ అంతంతే. ఇక్కడ ఒరియా వచ్చినోళ్ళు ఎవలన్న ఉన్నరా? ఆ పిలగాడు ఏం చెప్పిండో, వాళ్ళ ఊరు ఏందో, అమ్మానాయినకు ఎవలు ఫోన్ చెయ్యాల్నో తెల్వాలె.

ఇచ్ఛాపురం_రావు (రాత్రి 7.48)
నాకొచ్చు. మా ఇంట్లో సగం ఒరియానే. సోమవారం సెలవు పెడతాను, సబ్ జైలు ఎక్కడో మెసేజ్ పెట్టండి.